బీపీ యాప్‌కు దశలవారీ పరీక్ష: బల్ల మీద నుంచి 48 ఊళ్ల దాకా (ప్రాజెక్టు డైరీ)

పరీక్షిస్తున్నది రెండు ముక్కల సరంజామా. ఒకటి, ఆశా కార్యకర్త ఫోన్‌లో ఉండే బీపీ ఫాలో-అప్ యాప్. రెండోది, దానికి బ్లూటూత్‌తో రీడింగు పంపే చేతిపట్టీ బీపీ మిషన్. ఇంటి దగ్గర బీపీ చూడటం, ఎక్కువున్నవారిని పీహెచ్‌సీకి పంపడం, మాత్రలు మొదలుపెట్టినవారు నెలనెలా వస్తున్నారో లేదో కనిపెట్టి ఉండటం దీని పని.

డిజిటల్ ఆరోగ్య పరికరాల మూల్యాంకనం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక మార్గదర్శిని ఇచ్చింది. అది పరికరం ఎదుగుదలను మెట్లుగా చూస్తుంది: నమూనాకు ముందు, నమూనా, పైలట్, ప్రదర్శన, విస్తరణ, చివరికి వ్యవస్థలో కలిసిపోవడం. ఒక్కో మెట్టు దగ్గర అడగాల్సిన ప్రశ్న వేరు. నమూనాను పట్టుకుని "బీపీ ఎంత తగ్గింది?" అంటే జవాబు రాదు. జిల్లా అంతా వాడేశాక "బటన్ కనబడుతోందా?" అని అడిగితే అప్పటికే ఆలస్యం. ఏ దశలో ఏది అడిగామో, దేనితో కొలిచామో, ఎక్కడ పని ఆగిందో ఈ డైరీలో ఉంటుంది.

1వ వారం: ఏం చేస్తుందని చెప్పుకుంటున్నాం?

మొదటి పని ఒక్క వాక్యం రాయడం. తయారీ బృందం ఇచ్చిన వాక్యం "గ్రామాల్లో రక్తపోటు నియంత్రణ మెరుగవుతుంది" అని ఉంది. దీన్ని పరీక్షించలేం. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లలో, దేనితో పోలిస్తే అన్న నాలుగూ అందులో లేవు. తిరగరాశాక నిలిచింది ఇది: "బీపీ ఉందని నమోదైన 30 ఏళ్లు దాటినవారిలో, 12 నెలల తర్వాత 140/90 కంటే తక్కువ ఉన్నవారు యాప్ లేని ఊళ్లలో నూటికి 40 మంది ఉంటే, యాప్ ఉన్న ఊళ్లలో కనీసం 50 మంది ఉంటారు." ఆ 40, 50 అంకెలు అలంకారానికి రాసినవి కావు. ముందు ముందు ఎన్ని ఊళ్లు కావాలో తేల్చేది అవే.

తర్వాత, యాప్ తెరవడం దగ్గర నుంచి బీపీ తగ్గడం దాకా ఏమేం జరగాలో వరసగా రాశాం. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. బీపీ సరిగ్గా చూడాలి. రీడింగు సరైన మనిషి పేరు మీద ఎక్కాలి. ఆ మనిషి పీహెచ్‌సీకి వెళ్లాలి. ఆ రోజు డాక్టర్ ఉండాలి. మాత్రలు దొరకాలి. రోజూ వేసుకోవాలి. మొత్తం ఏడు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర నూటికి 80 మంది దాటగలిగితే బాగానే ఉంది అనిపిస్తుంది, కానీ 0.8ని ఏడుసార్లు గుణిస్తే 0.21. అంటే నూరు మందిలో చివరికి చేరేది 21 మంది. మెట్టుకు 90 చొప్పున దాటినా 48 మందే. యాప్ చెయ్యి అందేది మొదటి నాలుగు మెట్లకు. ఈ కాగితం గోడకు అంటించి ఉంది. ప్రతి దశలో ఏ మెట్టును కొలుస్తున్నామో దాని మీద గుర్తు పెడుతున్నాం.

అనుమతుల సంగతి కూడా ఈ వారమే చూడాలి. మనుషుల మీద పరీక్ష మొదలుపెట్టే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే చేసిన నమోదునే తీసుకుంటోంది. తర్వాత చేసుకుందాంలే అంటే కుదరదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియమాల కిందికి వచ్చింది. కాబట్టి యాప్ "డాక్టర్‌ను కలవండి" అని ఆగుతుందా, "మాత్ర డోసు పెంచండి" అనే దాకా వెళ్తుందా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. రెండో రకం మాట రోగికి జరిగే హానితో నేరుగా ముడిపడుతుంది, ప్రమాద తరగతి దాన్నిబట్టి మారుతుంది. ఈ యాప్ మొదటి మాట దగ్గరే ఆగుతుందని రాసి పెట్టుకున్నాం.

2–3 వారాలు: బల్ల మీద మిషన్

సామాన్లు: క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న మానోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది) 1, టీ కనెక్టర్లు 2, రబ్బరు ట్యూబు ఒక మీటరు, గాలి కొట్టడానికి వాల్వు ఉన్న చేతి బల్బు 1, పట్టీ చుట్టడానికి గట్టి స్టీలు డబ్బా 1. నాలుగు కొసలు కలవాలి కాబట్టి టీ కనెక్టర్లు రెండు కావాలి: పట్టీ, మిషన్, మానోమీటర్, బల్బు.

పట్టీని డబ్బాకు వదులు లేకుండా చుట్టి, మిషన్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో ఆటోమేటిక్ మిషన్ స్థిరంగా ఉన్న గాలి ఒత్తిడిని చూపించదు. టెస్ట్ మోడ్‌కు ఏ బటన్లు కలిపి నొక్కాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, యూజర్ మాన్యువల్‌లో ఉండదు. బల్బుతో 50, 100, 150, 200, 250 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కన) దగ్గర ఆపుతూ పైకి, మళ్లీ అవే దగ్గర ఆపుతూ కిందికి. ప్రతిచోటా రెండు అంకెలూ రాసుకోవాలి. మేం పెట్టుకున్న హద్దు: తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఆ మిషన్ పక్కకు.

గాలి లీకు చూసేటప్పుడు మొదటి నిమిషం లెక్కలోకి తీసుకోకూడదు. గాలిని ఒక్కసారిగా కుదిస్తే వేడెక్కుతుంది, చల్లారే కొద్దీ లీకు లేకపోయినా ఒత్తిడి తగ్గుతుంది. ఒక నిమిషం ఆగి, తర్వాతి 5 నిమిషాల్లో ఎంత పడిందో చూసి 5తో భాగించాలి. నిమిషానికి 6 మిల్లీమీటర్లకు మించితే లీకు ఉన్నట్టే. ఎక్కువసార్లు దోషం మిషన్‌లో ఉండదు. పట్టీ ట్యూబు మిషన్‌లోకి దూరే ప్లగ్గు దగ్గర ఉంటుంది. ప్లగ్గు మార్చి మళ్లీ చూడాలి.

ఇంతా చేస్తే తేలేది లోపలి ప్రెషర్ సెన్సర్ బాగుందని మాత్రమే. ఆటోమేటిక్ మిషన్ నాడి చప్పుడు వినదు. పట్టీలోని గాలి కంపనాలను చదివి, పై అంకెనూ కింది అంకెనూ తన సూత్రంతో లెక్కగడుతుంది. ఆ సూత్రం కంపెనీ సొంతం. అది సరైనదో కాదో మనుషుల చేతుల మీదే తేలాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060-2 ప్రకారం దానికి కనీసం 85 మంది, ఒక్కొక్కరికి మూడేసి జతల రీడింగులు, అంటే 255 జతలు కావాలి. ఒకరి అంకె ఒకరు చూడకుండా ఇద్దరు పరిశీలకులు స్టెతస్కోపుతో వినాలి, ఇద్దరి మధ్య తేడా 4కు మించకూడదు. సగటు తేడా 5 లోపు, ప్రామాణిక విచలనం (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 8 లోపు ఉండాలి. ఈ పరీక్ష మేం చేయబోవడం లేదు. ఇప్పటికే పాసైన మోడల్‌నే కొనడం తేలిక: పరీక్ష పాసైన బీపీ మిషన్ల జాబితా ఉంచే స్ట్రైడ్ బీపీలో మోడల్ నంబరు వెతకాలి. నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. ఒకే పేరుతో అమ్మే రెండు మిషన్లలో ఒకటి జాబితాలో ఉండి రెండోది లేకపోవడం సాధారణం. అంతా పక్కాగా చూసుకోకుండా వేల మిషన్లకు టెండరు వేస్తే, తర్వాత వచ్చే ఏ ఫలితానికీ విలువ ఉండదు.

పట్టీ సైజు: మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి, పెద్దది 32 నుంచి 42కి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది, సన్న చేతికి పెద్దది వేస్తే తక్కువ. ప్రతి సంచిలో రెండు పట్టీలూ ఒక టేపూ పెట్టాం. టేపు మీద 22 దగ్గరా 32 దగ్గరా ఎర్ర గీత. చేతిని ఎక్కడ కొలవాలి అంటే భుజం ఎముక అంచుకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యలో.

4వ వారం: బ్లూటూత్, పేర్లు, తేదీలు

ఇంత ప్రమాదకరమైన తప్పు మరొకటి ఇప్పటిదాకా కనబడలేదు. మిషన్ తన మెమరీలో పాత రీడింగులు దాచుకుంటుంది. ఫోన్ కలవగానే వాటిని కూడా పంపేస్తుంది. యాప్ వాటిలో మొదట అందిందాన్ని తీసుకుంటే ఎదురింటివారి బీపీ ఈ ఇంటివారి పేరు మీద పడుతుంది. తెర మీద మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. దిద్దుబాటు: రీడింగు సమయం ఫోన్ గడియారానికి 2 నిమిషాల లోపు ఉంటేనే తీసుకోవాలి. దానితోనూ చిక్కే: బ్యాటరీలు తీసి వేస్తే చాలా మిషన్ల గడియారం మొదటికి పోతుంది. కాబట్టి కలిసిన ప్రతిసారీ ఫోనే మిషన్ గడియారాన్ని సరిచేయాలి, చేయలేకపోతే రీడింగు తీసుకోకుండా ఆగిపోయి "మళ్లీ చూడండి" అనాలి. ఈ రెండూ అయ్యేదాకా ఊళ్లోకి వెళ్లలేదు.

పేర్లు వెతకడంలో తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. "లక్ష్మి", "లక్ష్మీ" వేరువేరు మనుషులైపోతారు. "శైలజ"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఐ-గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, వెతుకులాటకు రెండు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి చొప్పిస్తాయి, అదీ అంతే. సేవ్ చేసే ముందు యూనికోడ్ నార్మలైజేషన్ (రెండు రకాలుగా రాసినదాన్ని ఒకే సంకేతానికి మార్చడం) నడపాలి, కనిపించని గుర్తులు తీసేయాలి, వెతికేటప్పుడు హ్రస్వ దీర్ఘాలను ఒకటిగా చూడాలి. పరీక్షకు 20 జంట నమోదులు కావాలని చొప్పించాం: దీర్ఘం తేడా, ఇంటిపేరు ముందూ వెనకా, తెలుగులో ఒకసారి ఇంగ్లిషు అక్షరాల్లో ఒకసారి, భర్త పేరుతో ఒకసారి తండ్రి పేరుతో ఒకసారి. ఇరవైలో ఎన్నిటిని యాప్ "ఈమే ఆమేనా?" అని అడుగుతుందో అదే స్కోరు. తనంతట తాను కలిపేయకూడదు, అడగాలి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు నిజంగానే ఉంటారు.

హద్దుల దగ్గర పరీక్ష: పై అంకెకు 139, 140, 141, 179, 180, 181, కింది అంకెకు 89, 90, 91, 109, 110, 111. ఒక్కోదానికి యాప్ ఏమనాలో ముందే కాగితం మీద రాసి, తర్వాత యాప్ ఏమందో పక్కన రాశాం. పై అంకె, కింది అంకె తారుమారు చేసి (80/120), సున్నా పెట్టి, ఖాళీ వదిలి కూడా చూడాలి. ఫోన్ తేదీ ఒక ఏడాది వెనక్కి తిప్పితే "మళ్లీ రావాల్సిన తేదీ" ఏమవుతుందో చూడాలి. విమానం మోడ్‌లో 30 నమోదులు చేసి, బ్యాటరీ అయిపోనిచ్చి, మర్నాడు ఛార్జి పెట్టి నెట్ ఇస్తే 30కి 30 సర్వర్‌కు చేరాలి. 29 చేరినా ఈ దశ దాటినట్టు కాదు.

6–9 వారాలు: చేతికిచ్చి చూడటం

ఐదుగురు ఆశా కార్యకర్తలు చొప్పున మూడు విడతలు. పదిహేను మందిని ఒకేసారి ఎందుకు పిలవలేదంటే: వాడేవారిలో 31 శాతానికి ఎదురయ్యే ఇబ్బంది ఐదుగురిలో ఒక్కరికైనా కనబడే అవకాశం 84 శాతం. దిద్ది, మళ్లీ ఐదుగురికి ఇస్తే దిద్దుబాటు కొత్తగా ఏం పాడుచేసిందో కూడా తెలుస్తుంది. కానీ పదిమందిలో ఒకరికే వచ్చే ఇబ్బంది ఐదుగురిలో బయటపడే అవకాశం 41 శాతమే. దాన్ని 90 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 22 మంది కావాలి. "ఐదుగురు చాలు" అన్న మాట ఆ 31 శాతం మీద నిలబడి ఉంది. రోగికి హాని చేయగల తప్పుల విషయంలో ఆ మాట నమ్మకూడదు.

పనులు ఆరు: కొత్త మనిషిని చేర్చడం, పాత మనిషిని వెతకడం, బీపీ చూసి ఎక్కించడం, ఎక్కువ వస్తే పంపడం, తప్పుగా ఎక్కిన రీడింగు దిద్దడం, ఈ వారం వెళ్లాల్సిన ఇళ్లు చూడటం. పక్కన కూర్చున్నవారు నోరు విప్పకూడదు. "ఇది నొక్కాలా మేడం?" అని అడిగితే "మీరొక్కరే ఉంటే ఏం చేస్తారు?" అనాలి, అంతే. ప్రతి పనికీ సమయం, తప్పు నొక్కులు, వదిలేశారా పూర్తిచేశారా అన్నవి రాసుకోవాలి.

తెర మీద మాటల్లో మారినవి: "సిస్టోలిక్, డయాస్టోలిక్" పోయి "పై బీపీ, కింది బీపీ". "సమర్పించు" పోయి "సేవ్". "ఫాలో-అప్ తేదీ" పోయి "మళ్లీ రావాల్సిన రోజు". "బీపీ ఉందా?" అన్న ప్రశ్న వల్ల చాలా గందరగోళం వచ్చింది. మన మాటల్లో "బీపీ ఉంది" అంటేనే జబ్బు ఉందని అర్థం. ప్రశ్న రాసినవారి ఉద్దేశం రీడింగు తీశారా అని. "ఈ రోజు బీపీ చూశారా?" అని మార్చాం.

యాప్ బయట చూసినవి: అరుగు మీదో నులకమంచం మీదో కూర్చున్న మనిషికి వీపుకూ చేతికీ ఆనుడు ఉండదు. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే బీపీ 7–8 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది; 134 ఉన్న మనిషి హద్దు దాటిపోతుంది. జాకెట్టు చెయ్యి బిగుతుగా పైకి మడిస్తే అదే ఇంకో పట్టీలా పనిచేసి రీడింగు పాడవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ, చేతి కింద మడతపెట్టిన దుప్పటి, ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవడం. ఈ మూడింటినీ యాప్‌లో బొమ్మలుగా పెట్టి, టైమర్ పూర్తయ్యాకే "మొదలుపెట్టు" బటన్ వెలిగేలా చేశాం. టైమర్ వల్ల ఒక్కో ఇంటికి పట్టే సమయం పెరుగుతుంది, దాన్ని దాచకూడదు. ఆశా కార్యకర్త రోజుకు ఎన్ని ఇళ్లు చూడగలరో ఆ లెక్కతోనే వేయాలి.

వాడకం సౌలభ్యానికి పది వాక్యాల సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ వాడాం. బేసి వాక్యాలకు ఇచ్చిన మార్కులోంచి 1 తీసేయాలి, సరి వాక్యాలకు 5లోంచి ఇచ్చిన మార్కు తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. సగటు యాప్‌కు 68 దాకా వస్తుందని అనుభవం. ఈ స్కేల్‌లో సరి వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి. మర్యాదకు అన్నింటికీ 5 పెడితే లెక్క 50కి వస్తుంది. అన్నింటికీ 3 పెట్టినా 50. కాబట్టి 50 కనబడితే "యాప్ బాగోలేదు" అనుకోకుండా ముందు కాగితం తీసి చూడాలి. ఒకే గడిలో వరసగా గుర్తులుంటే ఆ కాగితం లెక్కలోకి రాదు. వ్యతిరేక వాక్యాలను చదివి వినిపించి, "ఔను అంటే ఏమనుకుంటున్నట్టు?" అని ఒకసారి అడిగి ముందుకెళ్లడం మేలు.

11–22 వారాలు: ఒక పీహెచ్‌సీలో పైలట్

ఇక్కడ అడిగేది బీపీ తగ్గిందా అని కాదు, ఈ పని జరిగేదేనా అని. మొదలుపెట్టకముందే మూడు రంగుల హద్దులు రాసి సీలు వేశాం. నెల తర్వాత మళ్లీ చూసినవారు: 70 శాతం దాటితే ఆకుపచ్చ, 50 నుంచి 70 పసుపు, 50 లోపు ఎరుపు. చేత్తో కొట్టకుండా మిషన్ నుంచి నేరుగా వచ్చిన రీడింగులు: 90 దాటితే ఆకుపచ్చ, 75 లోపు ఎరుపు. నమోదైన 48 గంటల్లో సర్వర్‌కు చేరినవి: 95, 80. ఫలితం చూశాక హద్దు గీస్తే ఎప్పుడూ ఆకుపచ్చే వస్తుంది.

పైలట్ అంకెలకు ఉన్న ఊగిసలాట గుర్తుంచుకోవాలి. 50 మందిలో 40 మంది తిరిగొస్తే 80 శాతం. అసలు విలువ 69 నుంచి 91 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఆకుపచ్చ హద్దుకు అటూ ఇటూ. 100 మంది అయితే 72 నుంచి 88. అందుకే 100 పెట్టుకున్నాం.

పైలట్‌లో "ముందు, తర్వాత" పోల్చి బీపీ తగ్గిందని చాటడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే తప్పు. ఒక రోజు బీపీ ఎక్కువ వచ్చినవారినే ఏరి చేర్చుకుంటే, అందులో ఆ ఒక్కరోజే అనుకోకుండా ఎక్కువ వచ్చినవారు కూడా ఉంటారు. ఏమీ చేయకపోయినా రెండోసారి వారి సగటు కిందికి దిగుతుంది. ఆ దిగుడు యాప్ ఖాతాలో పడుతుంది. దీన్ని తగ్గించడానికి: ఒకే కూర్చోడంలో మూడుసార్లు చూసి మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు, చేర్చుకోవడానికి వాడిన రీడింగును మొదటి కొలతగా వాడకుండా, వేరే రోజు తీసినదాన్ని వాడటం. అయినా పూర్తిగా పోదు; పోలిక ఊళ్లు ఉంటేనే పోతుంది. అందుకని పైలట్ నివేదికలో బీపీ తేడా అన్న వరసే పెట్టలేదు.

రోజూ చూసినది సర్వర్ లాగ్. రెండు గుర్తులు వెతకాలి. ఒకటి, సాయంత్రం ఒక్క గంటలో 20 నమోదులు. అది ఇళ్ల దగ్గర ఎక్కించింది కాదు, రిజిస్టర్‌లో రాసుకుని తర్వాత ఒకేసారి కొట్టింది. ఇది సోమరితనం అనుకుంటే పొరపాటు: పాత రిజిస్టర్ కూడా నింపమని పైనుంచి అడుగుతున్నంతకాలం ఎవరైనా అలాగే చేస్తారు. రిజిస్టర్ ఆపించే ఉత్తర్వు లేకుండా పైలట్ పెట్టడం అంటే రెట్టింపు పని పెట్టడమే. రెండోది, చివరి అంకె. మిషన్ రీడింగుల్లో 0 నుంచి 9 దాకా ప్రతి అంకే దాదాపు 10 శాతం రావాలి. నూరు రీడింగుల్లో సున్నాతో ముగిసేవి 10 చుట్టూ, 16 దాకా ఫర్వాలేదు. అంతకు మించితే గుండ్రం చేసి రాస్తున్నట్టు. 120/80 మళ్లీ మళ్లీ కనబడితే ఆ ఇంటికి మనిషిని పంపి చూడాలి.

సందేశాల విషయంలో ఒక డబ్బు లెక్క. తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కటిలో 70 అక్షరాలే పడతాయి. దాటితే ముక్కకు 67 చొప్పున విడగొట్టి ఒక్కో ముక్కకు డబ్బు పడుతుంది. ఇక్కడ అక్షరమంటే మనం లెక్కపెట్టే అక్షరం కాదు. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్క: "స్త్రీ" ఒక్కటే 6. "మీ బీపీ మాత్రలు అయిపోయి ఉంటాయి..." అని మర్యాదగా మొదలుపెట్టిన 150 అక్షరాల సందేశం 3 ఎస్సెమ్మెస్‌లు. "బీపీ మాత్రలకు సోమవారం పీహెచ్‌సీకి రండి" అని కుదిస్తే ఒకటే. ఇక ఆ నంబరు రోగిది కాకుండా ఊళ్లో లేని కొడుకుదై ఉండొచ్చు. నమోదు రోజునే ఆ నంబరుకు రింగిచ్చి, ఇంట్లో మోగిందా లేదా చూసి టిక్కు పెట్టే గడి చేర్చాం. చదువు రానివారికి రికార్డు చేసిన ఫోన్ కాల్.

గది లోపల బాగా పనిచేసినది బయట తడబడటం మనకొక్కరికే కాదు. కంటి రెటీనా ఫొటో చూసి మధుమేహ నష్టాన్ని చెప్పే గూగుల్ ప్రోగ్రాం ప్రయోగశాలలో నిపుణులతో సమానంగా నిలిచింది. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో మొదటి ఆరు నెలల్లో ఇచ్చిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని వెనక్కి కొట్టిందని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. చీకటి గది లేకపోవడం, నెట్ నెమ్మదిగా ఉండటం అక్కడ అడ్డంకులు. అక్కడ పని ఆగింది ప్రోగ్రాం లెక్క దగ్గర కాదు, దానికి అందే ఫొటో దగ్గర.

26వ వారం: అసలు పరీక్షకు ఊళ్ల లెక్క

ఒకే ఆశా కార్యకర్త ఒక ఇంట్లో యాప్ వాడి పక్కింట్లో వాడకుండా ఉండలేరు. కాబట్టి యాప్ ఎవరికి ఇవ్వాలో తేల్చే చీట్లు మనుషుల పేర్ల మీద కాక ఊళ్ల పేర్ల మీద వేయాలి. 40 నుంచి 50 శాతానికి మార్పును 80 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే, మనుషుల లెక్కన పక్షానికి (యాప్ ఉన్నవారు ఒక పక్షం, లేనివారు ఇంకో పక్షం) 385 మంది చాలు. కానీ ఒకే ఊరివారు ఒకరినొకరు పోలి ఉంటారు: అదే డాక్టర్, అదే మందుల గది. ఆ పోలికను (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరూ ఒకటే) 0.03 అనుకుని, ఊరికి 50 మంది పెడితే, 1 + 49 × 0.03 = 2.47. పక్షానికి 385 × 2.47 = 951 మంది. మధ్యలో 20 శాతం తప్పిపోతారని 1,189. అంటే పక్షానికి 24 ఊళ్లు, మొత్తం 48.

ఊళ్లు తగ్గించి ఒక్కో ఊళ్లో జనాన్ని పెంచుదామన్న ఆలోచన వచ్చింది. తప్పిపోయేవారిని పక్కన పెట్టి చూస్తే, ఊరికి 50 అయితే పక్షానికి 20 ఊళ్లు. 100 అయితే 16. మనుషులు 1,000 నుంచి 1,600 అవుతారు, ఊళ్లు నాలుగే తగ్గుతాయి. 48 ఊళ్లకే ఉండిపోయాం.

ఈ పరీక్షకు దగ్గరి పూర్వానుభవం మన దగ్గరే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల కింద 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ, స్మార్ట్‌హెల్త్ ఇండియా పేరుతో, ఆశా కార్యకర్తలకు ట్యాబ్, డాక్టర్లకు చికిత్స సలహా ఇచ్చే సాధనం ఇచ్చి, విడతలవారీగా ఊళ్లను కలుపుకుంటూ పరీక్ష చేసింది. అంతకు ముందు చిన్న పైలట్‌లో ట్యాబ్ వాడటం కుదిరే పనేనని తేలింది. 2019లో ఫలితాలు వచ్చాయి: గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవారిలో పై బీపీ 140 లోపుకు చేరినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైలట్‌లో పనిచేసింది, పెద్ద పరీక్షలో బీపీ తగ్గించలేదు. దాన్ని దాచకుండా అచ్చువేయడం ఈ రంగానికి చేసిన మేలు. మా పరీక్షలో ఏడు మెట్లనూ విడివిడిగా నమోదు చేయడానికి కారణం అదే: తేడా రాకపోతే ఏ మెట్టు విరిగిందో చెప్పగలగాలి.

లెక్కగట్టే పద్ధతి కూడా ముందే రాసి పెట్టాలి. ఉదాహరణకు 200 మంది నమోదై, మూడు నెలల్లో వచ్చిన 130 మందిలో 90 మందికి 140/90 లోపు ఉందనుకుందాం. వచ్చినవారితో భాగిస్తే 69 శాతం, నమోదైనవారితో భాగిస్తే 45. రానివారిని వదిలేసే డాష్‌బోర్డు ఎప్పుడూ ఆశాజనకంగా ఉంటుంది. తెలంగాణ కూడా ఉన్న భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో మూడు గడులుంటాయి: అదుపులో ఉన్నవారు, లేనివారు, రానివారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం, భాగించేది 200తోనే.

యాప్ వెర్షన్‌ను గడ్డకట్టించాం. 12 నెలల్లో క్రాష్‌లు సరిదిద్దవచ్చు, భద్రతా లోపాలు మూయవచ్చు. హద్దు అంకెలు, ఎవరిని ఎప్పుడు పంపాలన్న నియమం, సందేశాల వరస మార్చకూడదు. ప్రతి రీడింగు పక్కన వెర్షన్ నంబరు నిలుస్తుంది. చివరి కొలత తీసే బృందానికి ఏ ఊరు ఏ పక్షమో చెప్పం, యాప్‌లోని రీడింగులనూ ఫలితంగా వాడం. లేకపోతే యాప్ లేని ఊళ్లను దేనితో కొలుస్తాం?

34వ వారం: మందుల గది

పరీక్ష మొదలయ్యే ముందు విస్తరణ దశకు సంబంధించిన ఒక లెక్క ఇప్పుడే వేయాల్సి వచ్చింది. ఒక పీహెచ్‌సీలో 600 మంది రోజుకొక ఆమ్లోడిపిన్ 5 అనే బీపీ మాత్ర వేసుకుంటే నెలకు 18,000 మాత్రలు. మూడో వంతు మందికి రెండో మందు కూడా కావాల్సి వస్తే అది ఇంకో 6,000. ఇండెంటు (మందులు పంపమని అడిగే పత్రం) గడిచిన మూడు నెలల వాడకాన్ని బట్టి పెడతారు. యాప్ నెలకు 50 మంది కొత్తవారిని పట్టుకుంటే, మూడు నెలలు తిరిగేసరికి 150 మంది అదనం, నెలకు 4,500 మాత్రలు అదనం. పాత వాడకం మీద పెట్టిన ఇండెంటులో అవి ఉండవు. అంటే యాప్ బాగా పనిచేసిన కొద్దీ ఆరో మెట్టు విరుగుతుంది. పాత రోగులకు కూడా నెలకు 30 బదులు 15 మాత్రలిచ్చి పంపుతారు, పదిహేను రోజులకోసారి కూలి మానుకుని రాలేక కొందరు ఆగిపోతారు.

అందుకని మూడు మార్పులు. యాప్ ఉన్న ఊళ్ల పీహెచ్‌సీలకు నెలవారీ కొత్త నమోదుల సంఖ్యను ఫార్మసిస్టుకు ఒక కాగితంగా పంపడం, ఇండెంటులో ఆ సంఖ్య × 30 × 3 చేర్చడానికి. రెండు పక్షాల పీహెచ్‌సీల్లోనూ ప్రతి సోమవారం ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ నిల్వ లెక్కపెట్టి ఫొటో తీసుకోవడం. ఒక మనిషి చేతికి ఎన్ని రోజుల మాత్రలు వెళ్లాయో రాసే గడిని డాష్‌బోర్డులో బీపీ గడి పక్కనే పెట్టడం. మొదటి మార్పు పోలిక ఊళ్లలో ఉండదు కాబట్టి, ఇక మీదట పరీక్షిస్తున్నది ఒంటరి యాప్ కాదు, యాప్‌తో పాటు ఇండెంటు కాగితం. ప్రోటోకాల్‌లోనూ రిజిస్ట్రీ నమోదులోనూ ఆ మాట దిద్ది, సవరణను ఎథిక్స్ కమిటీకి పంపాం. అనుమతి వచ్చాక 48 ఊళ్లకు చీట్లు.